సంబోధన, విరామచిహ్నాలు, మర్యాద: ఒక వ్యాపార లేఖపై విమర్శ

1. పరిచయం

లేఖారచన గురించి మీరు కింది తరగతుల్లో చదివే ఉంటారు. పైన కుడివైపు ఊరు, తేది. ఎడమవైపు అందుకునేవారి చిరునామా. ఆ కింద 'అయ్యా'. చివర 'ఇట్లు, తమ విధేయుడు'. ఈ చట్రం మీకు కంఠస్థమే. దాన్ని మళ్లీ నేర్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. అందులోని ఒక భాగాన్ని, అంటే లేఖ అందుకునే వ్యక్తిని పిలిచే తీరును, విమర్శ దృష్టితో చూద్దాం.

కవితను, కథను విమర్శించినట్టే లేఖనూ విమర్శించవచ్చు. అడగవలసిన ప్రశ్నలు రెండే. ఈ మాట ఇక్కడ ఏం పని చేస్తోంది? ఇది లేకపోతే లేఖకు ఏం నష్టం? కవితలో ఒక మాట వృథా అయితే పాఠకుడు కొంచెం విసుక్కుంటాడు. వ్యాపార లేఖలో మాటలు వృథా అయితే రాసినవారి పని ఆగిపోతుంది. అందుకే ఈ చిన్న విషయం మీద ఇంత శ్రద్ధ అవసరం.

2. పరిశీలనకు ఒక లేఖ

నెల్లూరు తీరంలో కావలి చుట్టుపక్కల రొయ్యల సాగు చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. రొయ్యల గుంటలున్న ఒక రైతు మేత కంపెనీకి రాసిన ఉత్తరం అనుకుని కింది మాదిరిని చదవండి. ఇది ఈ పాఠం కోసం రాసినదే అయినా, ఇందులోని ప్రతి మాటనూ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు.

"మహారాజశ్రీ గౌరవనీయులైన పెద్దలు శ్రీ శ్రీ శ్రీ మేనేజరు గారి దివ్య సముఖమునకు,

అయ్యా!!

కావలి రైతు నమస్కరించి వ్రాసుకొను విన్నపము ఏమనగా, మేము మీ కంపెనీ మేత వాడుచున్నాము కావున పోయిన నెల తెచ్చుకున్న 40 బస్తాలలో 6 బస్తాలు తడిసి బూజు పట్టి ఉన్నవి గనుక డీలరు గారిని అడుగగా పైకి వ్రాయమన్నారు కనుక తమరు మాయందు దయతలచి తగు చర్య తీసుకొన ప్రార్థన.

ఇట్లు, తమ విధేయుడు."

ఒకసారి చదవగానే మర్యాదగల మనిషి రాసిన ఉత్తరం అనిపిస్తుంది. రెండోసారి మేనేజరు స్థానంలో కూర్చుని చదవండి. ఏ తేదీన కొన్నారు? బిల్లు ఉందా? బస్తాల మీది బ్యాచ్ నంబరు ఎంత? రైతుకు కావలసింది కొత్త బస్తాలా, డబ్బా? ఒక్కదానికీ జవాబు లేదు. లేఖలో మూడోవంతుకు పైగా పిలుపుకూ ప్రార్థనకూ పోయింది. అడగవలసినదంతా 'తగు చర్య' అనే రెండు మాటల్లోకి కుదించుకుపోయింది.

ఇంకో సంగతి చూడండి. రైతు డబ్బు చెల్లించి సరుకు కొన్నాడు. పాడైన సరుకు మార్చమనడానికి 'దయ' ఎందుకు? తన హక్కును తానే భిక్షగా మార్చుకున్నాడు. ఈ లేఖలోని అసలు లోపం ఇదే. మిగిలిన లోపాలన్నీ దీని చుట్టూ పెరిగినవే.

3. ఈ పిలుపులు ఎక్కడివి?

రైతును తప్పుపట్టే ముందు అతనికి ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలి. 1953 వరకు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆనాటి ప్రభుత్వ కాగితాలలో భారతీయుల పేర్లకు ముందు 'మహారాజరాజశ్రీ' అనే మాటను పొట్టిచేసి పెట్టేవారు. పేరు తర్వాత తెలుగువారికి 'గారు', తమిళులకు 'అవర్గళ్' చేర్చేవారు. రాజుకు తగిన మాట గుమాస్తా పేరుకూ అంటుకుంది. అందరికీ వాడిన బిరుదు చివరికి ఎవరికీ బిరుదు కాకుండా పోయింది.

తెలుగు ఉత్తరాలను పాఠాలుగా చదవవలసినవని గుర్తించినవారిలో సి.పి. బ్రౌన్ ముఖ్యుడు. 1852లో మద్రాసులో అచ్చయిన ఆయన 'తెలుగు రీడర్' సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలతో కూర్చినది. తెలుగు నేర్చుకునే దొరలకు కావ్యభాష ఒక్కటే సరిపోదని, జనం అర్జీలలో రాసే భాష కూడా తెలియాలని ఆ కూర్పే చెబుతుంది. అర్జీ అంటే కింద నిలబడినవాడు పైన కూర్చున్నవాడికి రాసేది. 'దివ్య సముఖము', 'చిత్తగించవలెను', 'విన్నపము' వంటి మాటలు ఆ ఎత్తుపల్లాల నుంచి పుట్టినవే.

ఇళ్ల మధ్య నడిచిన ఉత్తరాలలో పిలుపులు ఇంకా లోతుకు పోయేవి. పురోహితులకు, పండితులకు 'బ్రహ్మశ్రీ'. పెళ్లయిన స్త్రీకి 'లక్ష్మీసమానురాలైన'. భర్త పోయిన స్త్రీకి 'గంగాభాగీరథీ సమానురాలైన', దీన్ని 'గం.భా.స.' అని పొట్టిగా రాసేవారు. ఒక స్త్రీ వైధవ్యాన్ని కవరు మీదే రాసి పంపడాన్ని ఆ రోజుల్లో మర్యాద అనుకున్నారు. ఉత్తరం చేర్చే బంట్రోతు కూడా దాన్ని చదివేవాడు. మర్యాద పేరుతో వాడే మాట ఎదుటివారిని నొప్పించగలదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

పై స్థానాలలో ఉన్నవారే ఈ బరువును కొంత దించుకున్నారు. రాజ్యాంగంలోని 18వ అధికరణం రాజ్యం ఇచ్చే బిరుదులను రద్దు చేసింది; సైనిక, విద్యా సంబంధమైన గౌరవాలకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ, దేశంలోపలి కార్యక్రమాలలో తనను 'హిజ్ ఎక్సలెన్సీ' అని పిలవనక్కరలేదన్నారు. న్యాయమూర్తులను 'మై లార్డ్' అనడం తప్పనిసరి కాదని, గౌరవంగా సంబోధిస్తే చాలని 2014 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రపతికే అక్కరలేని ఆర్భాటం మేత కంపెనీ మేనేజరుకు ఎందుకు?

4. తెలుగులో మర్యాదను మోసేది ఏది?

'ఇవన్నీ తీసేస్తే లేఖ మొరటుగా ఉండదా?' అని మీరు అడగవచ్చు. న్యాయమైన సందేహమే. దానికి జవాబు మన వ్యాకరణంలో ఉంది.

తెలుగులో మర్యాద విశేషణాలలో కంటే ప్రత్యయాలలో, క్రియలలో ఎక్కువగా ఉంటుంది. 'మేనేజర్ గారు చెప్పారు' అనే వాక్యంలో 'గారు', 'చెప్పారు' అనే రెండింటితోనే గౌరవం పూర్తయింది. ముందు 'గౌరవనీయులైన' అని చేర్చినా, చేర్చకపోయినా ఆ గౌరవం తగ్గదు. అదే 'గౌరవనీయులైన మేనేజర్ చెప్పాడు' అని రాయండి. అంత పెద్ద విశేషణం కూడా ఆ 'డు'ను కాపాడలేదు.

'గారు' అనే మాటకు ఇంకో గొప్ప గుణం ఉంది. అది స్త్రీపురుషులిద్దరికీ చెల్లుతుంది. ఇంగ్లీషులో పేరు తెలియని అధికారికి రాసేటప్పుడు 'డియర్ సర్' అనాలా, 'మేడమ్' అనాలా, రెండూ పెట్టి మధ్యన గీత గీయాలా అన్న ఇబ్బంది ఉంది. దాన్ని చూసి మనం కూడా 'అయ్యా/అమ్మా' అని రాస్తున్నాం. 'మేనేజర్ గారూ' అంటే ఆ చిక్కే లేదు. ఆమెకు పెళ్లయిందా లేదా అని తెలియనక్కరలేదు. 'శ్రీమతి', 'కుమారి' అని తూకం వేయనక్కరలేదు. అలవాటుగా 'అయ్యా' అని మొదలుపెట్టిన లేఖ ఒక మహిళా అధికారి బల్ల మీదికి చేరినప్పుడు, తన కుర్చీలో మగవాడే ఉంటాడని రాసినవారు అనుకున్నట్టు ఆమెకు అర్థమవుతుంది. అది చిన్న పొరపాటే కానీ చదివే మనిషికి తగులుతుంది.

'గారు', 'వారు' అనే రెండింటి తేడా కూడా గుర్తుంచుకోండి. వ్యక్తికి, హోదాకు 'గారు': తహసీల్దార్ గారికి, మేనేజర్ గారికి. సంస్థకు 'వారు': కంపెనీ వారికి, పురపాలక సంఘం వారికి. 'కంపెనీ గారికి' అని ఎవరూ అనరు. లేఖలో ఒకసారి 'మీరు' అని మొదలుపెడితే చివరిదాకా 'మీరు' అనే ఉండాలి. మాదిరి లేఖలో 'మీ కంపెనీ' అన్నవాడే చివరలో 'తమరు' అన్నాడు. ఆ మార్పు భయపడ్డ మనిషి గొంతులా వినిపిస్తుంది.

5. విరామచిహ్నాలు: ఎంత, ఎక్కడ?

కామా, కోలన్, ఆశ్చర్యార్థకం వంటి చిహ్నాలు మనకు ఇంగ్లీషు అచ్చు ద్వారా వచ్చాయి. తాటాకుల మీద రాసిన తెలుగులో మాటల మధ్య ఖాళీ కూడా ఉండేది కాదు. కాబట్టి ప్రతి చిహ్నాన్నీ ఇంగ్లీషు నియమంతో కాక, తెలుగు వాక్యంలో దాని పనిని బట్టి అంచనా వేయాలి.

చిరునామాలో: 'మేనేజర్ గారికి' అన్నప్పుడు లేఖ ఎవరికన్నది 'కి' ప్రత్యయమే చెప్పింది. ఆ తర్వాతి కామా పంక్తులను విడదీస్తుంది, అంతే. పంక్తులు వేరువేరుగా ఉన్నాయి కనుక కామాలు లేకున్నా అర్థం చెడదు. ఇప్పుడు చాలా కార్యాలయాలు అలాగే టైపు చేస్తున్నాయి. రెండు పద్ధతులూ సరైనవే. కొన్ని పంక్తులకు పెట్టి, కొన్నింటికి మానేయడమే తప్పు. అయితే చిరునామాను కవరు మీద ఒకే పంక్తిలో రాస్తే కామాలు తప్పనిసరి. ఊరికీ పిన్‌కోడ్‌కూ మధ్య చిన్న గీత పెట్టడం మన వాడుక: కావలి – 524201.

సంబోధనలో: 'ఓ, ఓయీ, ఓరీ, ఓసీ సంబోధన ప్రథమా విభక్తి' అని బడిలో వల్లించారు కదా. ఆ నాలుగింటిలోనే స్నేహం, చనువు, చిన్నచూపు అన్నీ ఉన్నాయి. ఇవి లేకుండా కూడా తెలుగు పిలవగలదు. చివరి అచ్చును సాగదీస్తే చాలు. గారు – గారూ, అయ్య – అయ్యా, ఆర్య – ఆర్యా. పిలుపు పని ఆ దీర్ఘమే చేసింది కనుక తర్వాతి చిహ్నం సహాయకుడు మాత్రమే. 'అయ్యా!' అని ఆశ్చర్యార్థకం పెట్టడం పాత అలవాటు, అది తప్పు కాదు. కానీ ఆ చిహ్నం ఆశ్చర్యానికీ, కేకకూ కూడా వాడేదే. పాడైన సరుకు గురించి రాస్తూ 'అయ్యా!!' అంటే గుండెలు బాదుకున్నట్టు ఉంటుంది. వ్యాపార లేఖకు 'గారూ,' అనే కామా చాలు.

ఇక్కడే ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. చిరునామాలో 'మేనేజర్ గారికి' అని రాసి, సంబోధనలో కూడా 'మేనేజర్ గారికి' అనే రాస్తారు. మొదటిది లేఖ ఎవరికో చెబుతుంది. రెండోది ఆ మనిషిని పిలుస్తుంది. చిరునామాలో 'గారికి', పిలుపులో 'గారూ'.

విషయం పంక్తిలో: 'విషయం' తర్వాత కోలన్ ఒక్కటే పెట్టండి. కోలన్, గీత రెండూ కలిపి పెట్టడం పాత టైపు కాగితాల నుంచి వచ్చిన అలవాటు. అది చేసే అదనపు పని ఏమీ లేదు.

6. పేరు సరిగా రాయడమే మొదటి మర్యాద

ఎన్ని బిరుదులు చేర్చినా పేరు తప్పు రాస్తే అన్నీ వృథా. మీ జిల్లా పేరునే తీసుకోండి. నెల్లూరు జిల్లాకు 2008లో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టారు. ఇందులో 'శ్రీ' రెండుసార్లు ఉంది. మొదటిది గౌరవవాచకం, కనుక ఖాళీ వదిలి విడిగా రాస్తాం. రెండోది పేరులో భాగం, కనుక కలిపి రాస్తాం. 'శ్రీ రాములు' అని విడదీస్తే మనిషి పేరే మారిపోతుంది. ఖాళీ కూడా విరామచిహ్నమేనని ఇక్కడ తెలుస్తుంది.

ఇంకో సంగతి. 'పొట్టి' ఇంటిపేరు. మనం 'శ్రీరాములు గారు' అంటాం, 'పొట్టి గారు' అనం. ఇంగ్లీషు పద్ధతిలో ఇంటిపేరుతో పిలవడం మర్యాద. తెలుగులో సొంత పేరుకు 'గారు' చేర్చడం మర్యాద. ఇంగ్లీషులో లేఖ రాసేటప్పుడు ఈ తేడా తెలియక తలకిందులు చేసేవారున్నారు.

పొడి అక్షరాలకు చుక్కలు పెట్టే పద్ధతి కూడా ఇందులో భాగమే. కావలి జవహర్ భారతి కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన విమర్శకుడు కె.వి. రమణారెడ్డి పేరు చూడండి: ప్రతి పొడి అక్షరం తర్వాత చుక్క, ఆ తర్వాత ఒక ఖాళీ, తర్వాత పేరు. 'డా.', 'ప్రొ.' వంటివి కూడా కుదించిన మాటలు కనుక చుక్క కావాలి. 'శ్రీ' కుదించినది కాదు కనుక దానికి చుక్క అక్కరలేదు. 'శ్రీ శ్రీ శ్రీ' అని మూడుసార్లు రాయడం పీఠాధిపతుల పేర్లకు వాడుక. మేనేజరుకు వాడితే ఎగతాళిలా ఉంటుంది.

7. 'విధేయుడు' అనవలసిందేనా?

'విధేయుడు' అంటే చెప్పినట్టు వినేవాడు. ఇంగ్లీషు వారి లేఖల చివర ఉండే 'మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్' అనే మాట నీడ ఇందులో ఉంది. అధికారి పై అధికారికి రాసేటప్పుడు దానికి కొంత అర్థముంది. సరుకు కొన్న రైతు కంపెనీకి విధేయుడు ఎలా అవుతాడు?

ప్రభుత్వ కార్యాలయానికి రాసేటప్పుడూ ఈ ప్రశ్న వేసుకోవలసిందే. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం సమాచారం కోరేవారు కారణం చెప్పనక్కరలేదు. సాధారణంగా 30 రోజులలోగా జవాబు ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. అటువంటి దరఖాస్తులో 'దయతలచి' అనే మాటకు చోటెక్కడ? 'కోరుతున్నాను' అంటే సరిపోతుంది. 'కోరుతున్నాను' అనే క్రియలో మర్యాద ఉంది, నిటారుతనం కూడా ఉంది.

అయితే ఒక మాట. తహసీల్దార్ కార్యాలయం ముందు అర్జీ రాయించుకునే ముసలమ్మ 'మీ కాళ్లకు దండం' అని రాయిస్తే ఆమెను చూసి నవ్వకూడదు. మర్యాద తగ్గితే కాగితం పక్కన పడేస్తారేమోనన్న భయం ఆమె ఊహించుకున్నది కాదు, అనుభవం నేర్పింది. మన విమర్శ ఆమె మీద కాదు. ఆ మాటలు లేకపోతే పని జరగదని ఆమెను నమ్మించిన పద్ధతి మీద. చదువుకున్న మీరు అర్జీలలో ఆ మాటలు మానేస్తే, రేపు ఆమె కూడా మానేయడానికి దారి ఏర్పడుతుంది. అచ్చు ఫారంలో 'విధేయుడు' అని ముందే ఉంటే దానితో పోట్లాట అక్కరలేదు. సొంతంగా రాసే లేఖలో 'ఇట్లు,' అని రాసి సంతకం చేయండి. 'భవదీయుడు', 'భవదీయురాలు' అన్నా బాగుంటుంది.

8. తిరగరాసిన లేఖ

"కావలి,
తేది: 05-03-2024.

మేనేజర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం,
(కంపెనీ పేరు, వీధి),
(ఊరు – పిన్‌కోడ్).

విషయం: బూజు పట్టిన 6 మేత బస్తాలను మార్చడం గురించి.

మేనేజర్ గారూ,

నమస్కారం. 12-02-2024న కావలిలోని మీ డీలరు దగ్గర 40 బస్తాల రొయ్యల మేత కొన్నాను. వాటిలో 6 బస్తాలు లోపల తడిసి బూజు పట్టి ఉన్నాయి. మరుసటి రోజు డీలరుకు చూపిస్తే కంపెనీకి రాయమన్నారు. బిల్లు నకలు, బస్తాల ఫొటోలు, బ్యాచ్ నంబరు జతచేశాను.

ఈ 6 బస్తాలకు బదులు కొత్తవి పంపాలని, లేదా వాటి ధర తిరిగి చెల్లించాలని కోరుతున్నాను. మీ నిర్ణయాన్ని 15-03-2024లోగా తెలియజేయగలరు. మీ ప్రతినిధి వచ్చి చూసేవరకు పాడైన బస్తాలను విడిగా ఉంచుతాను.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్ నంబరు)"

ఈ లేఖలో పొగడ్త ఒక్కటీ లేదు. మర్యాద మాత్రం ఎక్కడా తగ్గలేదు. 'నమస్కారం' ఉంది, 'గారూ' ఉంది, 'తెలియజేయగలరు' ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, చదివేవారి సమయాన్ని గౌరవించే క్రమం ఉంది. విషయం పంక్తి చూడగానే మేనేజరుకు సంగతి తెలుస్తుంది. ఒకే ఊపిరిలో సాగిన 'కావున, గనుక, కనుక' వాక్యం చిన్న వాక్యాలుగా విడిపోయింది. ఫుల్‌స్టాప్ చేసిన మేలు ఇది: ప్రతి సంగతీ ఒక్కొక్కటిగా నిలబడింది, కాదనడం కష్టమైంది.

ఈ లేఖకూ ఒక లోపం చూపవచ్చు. గడువు తేదీ పెట్టడం కొందరికి కటువుగా తోచవచ్చు. పాత పరిచయం ఉన్న వ్యాపారికి రాసేటప్పుడు 'వీలైనంత త్వరగా' అనడం మేలు కావచ్చు. ఎవరికి రాస్తున్నామో చూసి నిర్ణయించుకోవడం రాసేవారి పని. ఏ నమూనా లేఖా ఆ పని మీ బదులు చేయదు.

9. సారాంశం

లేఖలో మర్యాద బిరుదుల సంఖ్యను బట్టి ఉండదు. పేరు సరిగా రాయడం, 'గారికి', 'గారూ' తేడా తెలిసి వాడటం, క్రియలో గౌరవం నిలపడం, ఒకే పద్ధతిలో విరామచిహ్నాలు పెట్టడం, అడగవలసినది స్పష్టంగా అడగడం: ఇవే మర్యాద. ఎదుటివారిని గౌరవించడానికి మనల్ని మనం తగ్గించుకోనక్కరలేదు. ఈ సంగతి తెలిసిన లేఖ చిన్నదైనా నిలబడుతుంది.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీ ఇంట్లో పాత ఉత్తరం గాని, శుభలేఖ గాని ఉంటే తీసి చూడండి. అందులో పేర్లకు ముందున్న మాటలు ఆ మనుషుల గురించి ఏం చెబుతున్నాయి? ఏవి చెప్పకపోయినా ఫరవాలేదు?

2. 'కంపెనీ గారికి', 'డా రమణ', 'శ్రీ. తహసీల్దార్ గారికి' అనే మూడింటిలో లోపాలను గుర్తించి సవరించండి.

3. మీ వీధిలో మంచినీటి కొళాయి పనిచేయడం లేదని పురపాలక సంఘం కమిషనర్‌కు 100 మాటల్లో లేఖ రాయండి. రాశాక 'దయ', 'ప్రార్థన', 'విధేయ' అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. అవి లేకుండా తిరగరాసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి.